పైన గట్టు, కింద గట్టు: ఎక్సెల్‌లో వరుసలు చేర్చడం, తీసేయడం

గుంటూరు మిర్చి యార్డు పక్కన ఒక కమీషన్ కొట్టులో నేను లెక్కలు రాస్తాను. మొదటి ఏడేళ్లు ఎర్ర అట్ట చిట్టాల్లో రాశాను, ఆ తరువాత కంప్యూటర్‌లో. చిట్టా రోజుల్లో కూడిక తప్పితే తప్పు నాదే అని తెలిసేది. ఎక్సెల్ వచ్చాక తప్పు ఎవరిదో వెతకడానికే సగం రాత్రి పట్టిన రోజులున్నాయి. అలాంటి ఒక రాత్రితో మొదలుపెడతాను.

మార్చి నెల. యార్డుకు ఒక్కో రోజు లక్ష టిక్కీలు దాటి వచ్చే కాలం. టిక్కీ అంటే మిర్చి బస్తా, ఈ ఊళ్లో ఆ మాటే అంటారు. ఆ రోజు మా కొట్టుకు సరుకు తెచ్చిన రైతులు 38 మంది. షీటులో మొదటి వరుస హెడింగులు, 2 నుంచి 39 దాకా రైతులు, 40వ వరుసలో కూడిక. అంతా అయ్యాక సాయంత్రం మరొక రైతు లెక్క వచ్చింది: తేజ రకం, 12 టిక్కీలు, 528 కిలోలు, క్వింటా 14,500 రూపాయలు, మొత్తం 76,560. కూడిక వరుస మీద నిలబడి ఒక వరుస చేర్చాను. మా కుర్రాడు వేరే షీటులో కొట్టి ఉంచిన లెక్కను కాపీ చేసి అందులో అతికించాను. కూడిక ఒక మెట్టు కిందికి జరిగి 41కి వెళ్లింది. అంతా చక్కగా కనిపించింది.

రాత్రి పది గంటలకు షావుకారు గారు కాటా చీటీలు ముందేసుకుని క్యాలిక్యులేటర్ మీద కూడారు. ఆయన కంప్యూటర్‌ను నమ్మరు. "అమ్మా, నాకు 76,560 ఎక్కువ వస్తోందే" అన్నారు. అంకె వినగానే ఏ వరుసో అర్థమైంది. కూడిక గడిలో నొక్కి చూస్తే ఫార్ములా ఇంకా 39వ వరుస దగ్గరే ఆగి ఉంది. చివరి రైతు షీటులో ఉన్నాడు, కూడికలో లేడు. ఎర్ర అక్షరం లేదు, హెచ్చరిక లేదు.

ముందుకు వెళ్లేముందు ఒక మాట. ఫార్ములాలను ఇక్కడ పలికినట్లే తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. జి2 అంటే జి కాలమ్‌లో రెండో వరుస గడి. మా షీటులో బి రైతు పేరు, సి రకం, డి టిక్కీలు, ఈ (E) కిలోలు, ఎఫ్ క్వింటా ధర, జి మొత్తం. రెండో వరుసలో మొత్తానికి ఫార్ములా: =ఈ2/100*ఎఫ్2. ఏ (A) కాలమ్ వరుస సంఖ్యకు. అందులో అంకెలు కొట్టకండి, =రో()-1 అని పెట్టి కిందికి లాగితే మధ్యలో ఎన్ని వరుసలు తీసేసినా సంఖ్యలు తమంతట తాము సర్దుకుంటాయి. కొత్తగా చేర్చిన వరుసలో మాత్రం పై గడి నుంచి ఆ ఫార్ములా దింపుకోవాలి.

ఫార్ములా గడిని వెంటాడుతుంది

చాలామంది ఫార్ములా చిరునామాను గుర్తుపెట్టుకుంటుందని అనుకుంటారు. అది గుర్తుపెట్టుకునేది ఆ గడినే. మీరు పైన ఒక వరుస చేర్చితే జి10లో ఉన్న అంకె జి11కి జరుగుతుంది, దాన్ని చూసే ఫార్ములాలన్నీ వెంటనే జి11 అని మారిపోతాయి. ఇల్లు మారిన అల్లుడి వెంట కొత్త వీధికి వెళ్లే మామగారిలాగా. డాలర్ గుర్తు పెడితే ఇలా కదలకుండా ఆగుతుందని మా కుర్రాడు వాదించాడు. ఆగదు. డాలర్ గుర్తు పనిచేసేది ఫార్ములాను వేరేచోటికి కాపీ చేసినప్పుడు మాత్రమే. వరుస చేర్చినా తీసేసినా $జి$10 కూడా $జి$11 అవుతుంది. నిజంగా కదలకూడదంటే ఇన్‌డైరెక్ట్ అనే ఫంక్షన్ ఉంది, గడి చిరునామాను కొటేషన్లలో పెట్టి ఇస్తే అది దాన్ని ఉత్త అక్షరాలుగా చూస్తుంది, ఏ వరుస ఎటు జరిగినా అక్కడే నిలబడుతుంది. దాని అవసరం నాకు ఇన్నేళ్లలో రెండుసార్లే వచ్చింది. వచ్చిన రెండుసార్లూ తరువాత దాన్ని తీసేశాను.

ఇక వెంటాడే గడినే తీసేస్తే ఏమవుతుంది? ఫార్ములాకు చూడటానికి ఏమీ మిగలదు. #రెఫ్! అని అరుస్తుంది. =జి2+జి3+జి4 అని ఒక్కొక్క గడినీ ప్లస్సుతో కలిపిన వాళ్లకు ఇది తప్పదు, మూడో వరుస తీసేయగానే మొత్తం పోతుంది. అదే =సమ్(జి2:జి4) అని పరిధి ఇస్తే మధ్య వరుస పోయినా, ఒక చివర వరుస పోయినా పరిధి ముడుచుకుని బతుకుతుంది. పరిధిలోని వరుసలన్నీ పోతేనే విరుగుతుంది. కాబట్టి ప్లస్సుల కూడికలు ఎక్కడ కనిపించినా ఈ రోజే సమ్‌లోకి మార్చండి. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

నిజానికి #రెఫ్! అంటే నాకు భయం లేదు. అది అరిచి చెబుతుంది. వెంటనే కంట్రోల్ జెడ్ నొక్కితే వెనక్కి వస్తుంది. ఫైలు మూసేసి, తెరిచి, మర్నాడు చూసుకుంటే ఆ అవకాశం ఉండదు. అప్పుడు కంట్రోల్ ఎఫ్ నొక్కి, ఫార్ములాల్లో వెతకమని చెప్పి, #రెఫ్! అని ఇస్తే విరిగినవన్నీ దొరుకుతాయి. ఒకటి మాత్రం చేయకండి: కంటికి అడ్డంగా ఉందని దాని చుట్టూ ఇఫ్‌ఎర్రర్ పెట్టి సున్నా చూపించడం. అది పుండుకు పౌడరు పూయడమే. నా భయమంతా నోరు మెదపని తప్పుల గురించి. ఆ 76,560 లాంటివి.

గట్టు వరుసలు

వరుస ఎక్కడ చేర్చారన్నదే అసలు సంగతి. పరిధి జి2 నుంచి జి39 అయితే, దాని నడుమ ఎక్కడ చేర్చినా పరిధి సాగుతుంది. 39కి కింద చేర్చితే సాగదు. రెండో వరుసకు పైన చేర్చినా అంతే: పరిధి మొత్తంగా జి3:జి40 అని జరుగుతుంది, కొత్తగా వచ్చిన రెండో వరుస బయట నిలబడుతుంది. మనం ఎక్కువగా చేర్చేది ఆ రెండు చోట్లే. చివర రాస్తాం, లేదా తాజా లెక్క పైన కనిపించాలని మొదట్లో రాస్తాం.

ఎక్సెల్ ఒక్కోసారి తెలివిగా ఉంటుంది. కూడికకు ఆనుకుని పైన వరుస చేర్చి, అందులో చేత్తో అంకె కొడితే పరిధిని తనంతట తాను పెంచేస్తుంది. అలా పెంచడం చూసి అలవాటుపడిపోవడమే నా తప్పు. ఆ సాయంత్రం నేను అంకె కొట్టలేదు, అతికించాను. ఆ సాయం అందలేదు. పైగా అది సెట్టింగుల్లో ఆపేయగల సదుపాయం, ఇంకొకరి కంప్యూటర్‌లో ఉంటుందో లేదో. ఒకరోజు చేసి ఒకరోజు చేయని సాయాన్ని నేను లెక్కలో వేసుకోను.

నా పద్ధతి ఇది. పొలానికి గట్టు ఉన్నట్లు పరిధికి రెండు వైపులా గట్టు పెట్టాలి. పై గట్టు మనకు ఎలాగూ ఉంది, హెడింగుల వరుస. సమ్ అక్షరాలను పట్టించుకోదు, కాబట్టి జి1లో "మొత్తం" అని రాసి ఉన్నా కూడిక చెడదు. కింది గట్టు కొత్తగా వేయాలి: చివరి రైతుకూ కూడికకూ మధ్య ఒక ఖాళీ వరుస. దాని ఎత్తు సగానికి తగ్గించి, బూడిద రంగు వేసి, బి కాలమ్‌లో "దీనికి పైన చేర్చండి" అని రాయండి. ఇప్పుడు రైతులు 2 నుంచి 39, గట్టు 40, కూడిక 41. ఫార్ములా =సమ్(జి1:జి40). మొదటి రైతుకు పైన చేర్చండి, చివరి రైతుకు కింద చేర్చండి, రెండూ గట్ల లోపలే. రైతులందరినీ తీసేసినా రెండు గట్లు మిగులుతాయి, కూడిక సున్నా చూపుతుంది తప్ప విరగదు. మర్నాటి షీటు తయారు చేసుకోవడానికి ఇదే దారి.

ఒక జాగ్రత్త ఉంది. హెడింగులో అంకె గానీ తేదీ గానీ ఉండకూడదు. ఎక్సెల్‌కు తేదీ కూడా అంకే. ఒక ఏడాది "2019" అని హెడింగు పెట్టిన షీటులో కూడిక 2,019 రూపాయలు ఎక్కువ చూపించింది, ఆ రెండు వేల పంతొమ్మిది ఎక్కడివో తెలియక హమాలీ చీటీలన్నీ తిరగేశాను. అంకె తప్పనిసరి అయితే ముందు ఒక అపాస్ట్రఫీ కొట్టండి, అక్షరంగా మారుతుంది.

గట్టు వేయడం ఇష్టం లేనివారికి మరో ఫార్ములా: =సమ్(జి1:ఇండెక్స్(జి:జి,రో()-1)). నేను ఏ వరుసలో ఉన్నానో దానికి పై వరుస దాకా కూడు అని అర్థం. కూడిక ఎంత కిందికి జరిగినా సరిగ్గా తన నెత్తి మీది గడి వరకు కూడుతుంది. బాగా పనిచేస్తుంది. అయితే నేను సెలవు పెట్టిన రోజు దాన్ని చూసి మా కుర్రాడు భయపడతాడు, గట్టును చూసి భయపడడు. అందుకే గట్టు.

ఎన్ని గట్లు వేసినా నాకు నిద్ర పట్టేది సరిచూపు గడి వల్ల. హెడింగుల వరుసలోనే దూరంగా కె1లో ఇలా రాశాను: =రౌండ్(సమ్(జి:జి)-2*జి41,2). జి కాలమ్ మొత్తాన్ని కూడితే రైతుల మొత్తాలు ఒకసారి, కూడిక గడి ఒకసారి, అంటే సరైన కూడికకు రెట్టింపు రావాలి. దాంట్లోంచి రెండు కూడికలు తీసేస్తే సున్నా మిగలాలి. ఒక్క రైతు బయట నిలబడినా ఆ రైతు మొత్తమే ఆ గడిలో కనిపిస్తుంది. ఆ రాత్రి ఇది ఉండి ఉంటే 76,560 అని నా కళ్ల ముందే నిలబడేది. సున్నా కానప్పుడు ఎర్రగా మారేలా రంగు పెట్టుకోండి. ఈ గడిని కె1లోనే ఉంచండి, జి కాలమ్‌లో పెడితే తనను తాను కూడుకోబోయి తిరగబడుతుంది.

రోజు నిల్వ తప్పే చోటు

హమాలీలకు, కాటాకు, ఆటోలకు ఇచ్చే చిల్లర ఖర్చుల షీటు వేరే ఉంది. అందులో సి జమ, డి ఖర్చు, ఈ (E) కాలమ్‌లో నిల్వ. అందరూ రాసే ఫార్ములా: ఐదో వరుసలో =ఈ4+సి5-డి5. నిన్నటి నిల్వకు జమ కలిపి ఖర్చు తీసేయడం, చిట్టాలో చేసినట్లే. చూడటానికి ఇంతకంటే సహజమైనది లేదు, వరుసల విషయంలో ఇంతకంటే బలహీనమైనదీ లేదు.

నాలుగో వరుస తీసేయండి. ఐదో వరుస చూసే ఈ4 పోయింది, అక్కడ #రెఫ్! వస్తుంది, దాని కింద నెల చివరి దాకా అన్ని నిల్వలూ #రెఫ్! అవుతాయి. సరే, అది అరిచే తప్పు. ఇప్పుడు తీసేయకుండా, నాలుగుకూ ఐదుకూ మధ్య ఒక వరుస చేర్చండి. టీ ఖర్చు 240 మరచిపోయారనుకుందాం. కొత్త ఐదో వరుసలో 240 రాసి, పై నుంచి ఫార్ములా దింపారు, అక్కడ నిల్వ సరిగ్గానే తగ్గింది. మీరు తృప్తిగా లేచి వెళ్లారు. కానీ పాత ఐదో వరుస ఇప్పుడు ఆరో వరుస, దాని ఫార్ములా =ఈ4+సి6-డి6. అది ఇంకా నాలుగో వరుసనే పట్టుకుని ఉంది, ఎందుకంటే అది వెంటాడేది ఆ గడిని. కొత్త వరుసను దూకి వెళ్లిపోయింది. అక్కడి నుంచి నెల చివరి దాకా నిల్వ 240 ఎక్కువ. డ్రాయరులో 240 తక్కువ. ఎవరి మీద అనుమానం వస్తుందో వేరే చెప్పాలా? మా కొట్టులో టీ తెచ్చే అబ్బాయి మీద వచ్చింది. ఆ అబ్బాయికి నేను క్షమాపణ చెప్పుకున్నాను.

నిల్వను పై వరుస మీద ఆధారపడకుండా మొదటి నుంచి కూడి తెచ్చుకోవడం ఒక మందు: =సమ్(సి$1:సి5)-సమ్(డి$1:డి5). హెడింగు నుంచి ఈ వరుస దాకా వచ్చిన జమలన్నీ, తీసిన ఖర్చులన్నీ. మధ్యలో చేర్చితే కింది పరిధులన్నీ సాగుతాయి, తీసేస్తే ముడుచుకుంటాయి. ప్రారంభ నిల్వను రెండో వరుసలో జమగా రాయండి. చేర్చిన వరుసలో నిల్వ గడి ఖాళీగా ఉంటుంది, అక్కడ నిలబడి కంట్రోల్ డి నొక్కితే పై ఫార్ములా దిగుతుంది. నెలకో షీటు ఉండే కొట్టుకు ఇది చాలు. ఒకే షీటులో పది వేల వరుసలు పెట్టుకునేవారికి ప్రతి గడీ మొదటి నుంచి కూడుకోవడం వల్ల కంప్యూటర్ ఆయాసపడుతుంది. వారు =సమ్(ఆఫ్‌సెట్(డి5,-1,1),సి5)-డి5 అని రాసుకోవచ్చు. డి5 నుంచి ఒక మెట్టు పైకి, ఒక అడుగు కుడికి వెళ్లి అక్కడున్నది తీసుకో అని అర్థం. అక్కడ ఏ వరుస ఉన్నా సరే, ఇప్పుడు నా పైన ఉన్నదే నాకు పై వరుస. ప్లస్సు బదులు సమ్ ఎందుకంటే, మొదటి వరుసకు పైన హెడింగు అక్షరాలుంటాయి, ప్లస్సు వాటిని చూసి తిరగబడుతుంది, సమ్ వదిలేస్తుంది.

తీసేసే ముందు

వరుస తీసేయడానికి ముందు ఆ వరుస మీద ఎవరు ఆధారపడి ఉన్నారో చూడండి. గడి మీద నిలబడి కంట్రోల్‌తో కుడి చదరపు బ్రాకెట్ నొక్కితే, ఆ షీటులో దాన్ని నేరుగా చూసే ఫార్ములా గడులన్నీ ఎంపికవుతాయి. వేరే షీట్ల సంగతి కావాలంటే ఫార్ములాల ట్యాబులో ట్రేస్ డిపెండెంట్స్ నొక్కండి, బాణం గుర్తులు వస్తాయి. నేను ఇది ప్రతిసారీ చేస్తానని అబద్ధం చెప్పను. రైతు వరుసలకు చేయను. కమీషన్ శాతం, హమాలీ రేటు లాంటివి ఉన్న చోట మాత్రం తప్పక చేస్తాను.

అసలు ఆ రేట్లు రైతుల వరుసల పక్కన ఉండకూడదు. మా పాత షీటులో జె5లో కమీషన్ శాతం ఉండేది, ఖాళీ ఉంది కదా అని ఎవరో పెట్టారు, ఆ ఎవరో నేనే. ఐదో వరుస రైతు సరుకు అమ్మకుండా కోల్డ్ స్టోరేజీకి పంపేశాడు, వరుస తీసేశాను, దాంతోపాటు కమీషన్ శాతం పోయింది, అందరి లెక్కా #రెఫ్! అయింది. వరుస తీసేస్తే షీటు అంచు దాకా పోతుంది, కంటికి కనిపించే పట్టిక మేర మాత్రమే కాదు. ఇప్పుడు రేట్లన్నీ "రేట్లు" అనే వేరే షీటులో ఉన్నాయి.

తీసేసేటప్పుడు వరుస మొత్తం తీసేయండి. షిఫ్ట్, స్పేస్‌బార్ నొక్కితే వరుస మొత్తం ఎంపికవుతుంది, ఆ తరువాత కంట్రోల్, మైనస్. చేర్చడానికి కంట్రోల్, షిఫ్ట్, ప్లస్. వరుసను ఎంచుకోకుండా ఒక్క గడి మీద నిలబడి కంట్రోల్ మైనస్ నొక్కితే ఎక్సెల్ నాలుగు దారులు చూపించి ఏది కావాలని అడుగుతుంది. అందులో గడులను పైకి జరపడం ఒకటి. తొందరలో దాన్ని ఒప్పుకుంటే మీ కొంప మునిగినట్లే.

మా కుర్రాడు చేశాడు. ఒక రైతు పేరు రెండుసార్లు పడిందని, పేరు గడి మీద నిలబడి కంట్రోల్ మైనస్ నొక్కి, ఎంటర్ కొట్టాడు. బి కాలమ్‌లో కింది పేర్లన్నీ ఒక మెట్టు పైకి ఎక్కాయి. కిలోలు, ధరలు ఎక్కడివక్కడే. ఏ ఫార్ములా పేర్లను చూడదు, కాబట్టి ఏదీ విరగలేదు. కూడిక సరిగ్గా ఉంది. నేను గర్వపడే సరిచూపు గడి కూడా సున్నానే చూపింది. పట్టీలు, అంటే రైతుకు ఇచ్చే లెక్క కాగితాలు, ప్రింటు తీసి చేతికిచ్చాక, ఫిరంగిపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చదివి, "అమ్మాయీ, నేను తెచ్చింది ఎర్రటి తేజ. ఇక్కడ తాలు ధర కట్టారేమిటి?" అన్నారు. తాలు అంటే రంగు పోయిన తెల్ల కాయ, ధర సగం కూడా పలకదు. ఆయన పేరు ఎదుట పక్క రైతు లెక్క ఉంది. ఇరవై పట్టీలు చింపి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఎక్సెల్‌లో ఇంతకంటే నిశ్శబ్దమైన తప్పు నేను చూడలేదు.

దాచిన వరుసల సంగతి కూడా చెప్పాలి. ఫిల్టర్ పెట్టి, కనిపించే వరుసలను ఎంచుకుని తీసేస్తే కనిపించేవే పోతాయి. ఫిల్టర్ లేకుండా చేత్తో దాచిన వరుసలైతే, 10 నుంచి 30 దాకా ఎంచుకుని తీసేస్తే మధ్యలో దాగి ఉన్నవి కూడా పోతాయి. తీసేసే ముందు ఆల్ట్, సెమీకోలన్ నొక్కండి, కనిపించే గడులు మాత్రమే ఎంపికలో మిగులుతాయి. పక్కన వరుస నంబర్లు 12 తరువాత 17 అని గెంతుతుంటే అక్కడ ఎవరో దాగి ఉన్నారని గుర్తు.

కట్, పేస్టు కూడా తీసేయడం లాంటిదే. ఒక గడిని కట్ చేసి, ఫార్ములా చూస్తున్న మరో గడి మీద అతికిస్తే కింద ఉన్న గడి పోయినట్లే లెక్క, #రెఫ్! వస్తుంది. కాపీ చేసి అతికించి, తరువాత పాత గడిలో డిలీట్ మీట నొక్కి ఖాళీ చేస్తే ఏమీ కాదు. డిలీట్ మీట గడిలోని సరుకును తీస్తుంది, గడిని తీయదు.

టేబుల్ చేస్తే

ఇంత చదివాక కొందరు అంటారు: కంట్రోల్ టి నొక్కి టేబుల్ చేసుకుంటే సరిపోదా? నిజమే, చాలావరకు సరిపోతుంది. ఎక్సెల్ 2007 నుంచి ఈ టేబుల్ ఉంది. వరుస చేర్చితే ఫార్ములా తనంతట తాను నిండుతుంది, చివరి గడిలో ట్యాబ్ మీట నొక్కితే కొత్త వరుస పుడుతుంది, కూడిక వరుస ఎప్పుడూ అడుగునే ఉంటుంది, పరిధి గొడవే లేదు. ఫార్ములా =[@కిలోలు]/100*[@ధర] అని చదవడానికి మాటల్లా ఉంటుంది, హెడింగులు తెలుగులో పెట్టుకున్నా ఫరవాలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు టేబుల్‌తోనే మొదలుపెట్టండి. టేబుల్‌లో కూడా పై వరుసను చూసే నిల్వ ఫార్ములా పెట్టకండి, పైన చెప్పిన జబ్బు అక్కడా వస్తుంది. మాకు మాత్రం షావుకారు గారి పాత షీటు ఉంది, హెడింగులో మూడేసి గడులు కలిపేసి ఉంటాయి. దాన్ని టేబుల్ చేయాలంటే ముందు ఆయనను ఒప్పించాలి. గట్టు వేయడం తేలిక.

వేరే ఫైలు నుంచి చూసేవాళ్లకు

నెలవారీ ఫైలు ఒకటి ఉంటుంది, రోజు ఫైలులోని కూడిక గడి జి41ను చూస్తూ. రెండు ఫైళ్లూ తెరిచి ఉన్నప్పుడు రోజు ఫైలులో వరుస చేర్చితే నెల ఫైలు జి42 అని సర్దుకుంటుంది. నెల ఫైలు మూసి ఉంటే దానికి ఆ కబురు అందదు. రేపు తెరిస్తే అది ఇంకా జి41నే అడుగుతుంది, అక్కడ ఇప్పుడు ఉన్నది గట్టు. సున్నా వస్తుంది. ఇంకో వరుస చేర్చి ఉంటే ఒక రైతు మొత్తం వస్తుంది, అది అంకెలాగే కనిపిస్తుంది కనుక మరీ ప్రమాదం. ఇందుకు మందు, కూడిక గడికి ఒక పేరు పెట్టడం. గడి ఎంచుకుని, ఎడమవైపు పైన చిరునామా కనిపించే చిన్న పెట్టెలో "దినమొత్తం" అని కొట్టి ఎంటర్ నొక్కండి. నెల ఫైలు ఆ పేరుతోనే అడగాలి. కూడికను హెడింగుల పైన మొదటి వరుసలో పెట్టుకున్నా ఈ బాధ ఉండదు, నాకు అదే ఇష్టం. షావుకారు గారు ఒప్పుకోలేదు. "కూడిక కింద ఉంటేనే కూడిక, పైన ఉంటే హెడింగు" అన్నారు.

తీసేయకుండా ఉండటం

ఎర్ర అట్ట చిట్టాలో మేము ఏనాడూ ఒక వరుసను చెరపలేదు. అడ్డంగా గీత కొట్టి పక్కన "రద్దు" అని రాసి పొడి సంతకం పెట్టేవాళ్లం. కింద ఏముందో చదవగలిగేలా గీత సన్నగా కొట్టాలని నేర్పించారు. ఇప్పుడు హెచ్ కాలమ్‌లో అదే చేస్తున్నాను. రైతు సరుకు వెనక్కి తీసుకుంటే వరుస తీసేయను, హెచ్‌లో "రద్దు" అని రాస్తాను, ఐలో కారణం. కూడిక =సమ్ఇఫ్స్(జి1:జి40,హెచ్1:హెచ్40,"<>రద్దు"). రద్దు కానివన్నీ కూడు అని అర్థం. హెచ్ ఖాళీగా ఉన్నవి కూడా కూడికలోకి వస్తాయి, అదే మనకు కావలసింది. రెండు పరిధులూ ఒకే గట్ల మధ్య ఉండాలి. సరిచూపు గడిలో రద్దు మొత్తాన్ని కూడా తీసేయాలి: =రౌండ్(సమ్(జి:జి)-2*జి41-సమ్ఇఫ్స్(జి:జి,హెచ్:హెచ్,"రద్దు"),2). టైపులో తేడా రాకుండా హెచ్ కాలమ్‌కు జాబితా పెట్టి అందులోంచే ఎంచుకునేలా చేశాను. ఒకసారి కుర్రాడు "రద్దు" తరువాత ఒక ఖాళీ వదిలాడు, ఎక్సెల్‌కు అది వేరే మాట.

పోయిన నెల యార్డు వేసవి సెలవుల్లో షావుకారు గారు పాత ఫైళ్లు తెరిపించారు. "ఫిబ్రవరిలో 334 రకం 8 టిక్కీలు వచ్చాయి, నాకు గుర్తుంది. లెక్కలో ఏవీ?" అని అడిగారు. హెచ్ కాలమ్‌లో ఫిల్టర్ నొక్కాను. రద్దు, తేమ ఎక్కువ, రైతు ఎండబెట్టి తెస్తానన్నాడు. ఆయన చదివి, తల ఊపి, క్యాలిక్యులేటర్ దగ్గరకు జరుపుకుని మిగతా వరుసలు కూడటం మొదలుపెట్టారు.